చార్జింగ్ కరెంటులో ఎవరి వాటా ఎంత? సమాంతరంగా కలిపిన బ్యాటరీల లెక్క

ఇంట్లో 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యపు కొలమానం) ట్యూబులర్ బ్యాటరీ ఒకదానితో నడిచే 12 వోల్టుల ఇన్వర్టర్ ఉందనుకుందాం. వేసవిలో కోతలు పెరిగి బ్యాకప్ చాలకపోవడంతో, అదే రకం బ్యాటరీ మరొకటి కొని, ప్లస్‌ను ప్లస్‌కూ మైనస్‌ను మైనస్‌కూ కలిపి పక్కన పెట్టించారు. ఇన్వర్టర్ 15 ఆంపియర్లతో చార్జ్ చేస్తుంది. ఇప్పుడు ఒక్కో బ్యాటరీకి ఎంత వెళుతుంది అని అడిగితే, చాలామంది తడుముకోకుండా చెప్పే జవాబు ఏడున్నర ఆంపియర్లు. రెండు బ్యాటరీలూ ఒకే రోజు కొన్నవై, ఒకే స్థాయిలో ఖాళీ అయి, ఒకే పొడవు వైర్లతో, ఒకే బిగువుతో ఉన్న నట్లతో, ఒకే వేడిలో ఉంటే ఆ జవాబు సరైనదే. ఈ షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా పంపకం మారుతుంది. కొన్ని సందర్భాల్లో ఎంతగా మారుతుందంటే, చార్జర్ పనిచేస్తూ ఉండగానే ఒక బ్యాటరీ చార్జ్ అవుతుంది, రెండోది ఖాళీ అవుతుంది.

ఈ విషయంలో ఉన్న గందరగోళమంతా ఒక అపోహ నుంచి పుడుతుంది. చార్జర్ కరెంటును పంచిపెడుతుందని మనం అనుకుంటాం. చార్జర్‌కు ఎన్ని బ్యాటరీలు ఉన్నాయో తెలియదు, తెలుసుకునే మార్గమూ దానికి లేదు. దానికి కనబడేవి రెండు టెర్మినళ్లు మాత్రమే. వాటి మధ్య అది ఒక వోల్టేజీని నిలబెడుతుంది. ఆ వోల్టేజీ దగ్గర తనకు ఎంత కావాలో ప్రతి బ్యాటరీ తానే తీసుకుంటుంది. పంపకాన్ని నిర్ణయించేవి బ్యాటరీ స్థితి, దాని దగ్గరికి వెళ్లే దారి. మిగిలిన వివరమంతా ఈ రెండింటి నుంచే వస్తుంది.

బ్యాటరీని లెక్క కోసం రెండు భాగాలుగా ఊహించుకోవచ్చు. మొదటిది దాని లోపలి రసాయన చర్య పుట్టించే సొంత వోల్టేజీ, అంటే పాఠ్యపుస్తకాలు విద్యుచ్ఛాలక బలం అని పిలిచేది. రెండోది అంతర్నిరోధం, అంటే బ్యాటరీ లోపలే కరెంటుకు ఎదురయ్యే అడ్డు. పూర్తిగా చార్జ్ అయి కాసేపు విశ్రాంతిలో ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ సొంత వోల్టేజీ సుమారు 12.7 ఉంటుంది, దాదాపు ఖాళీ అయినప్పుడు 11.8 దగ్గరికి దిగుతుంది. మంచి స్థితిలో ఉన్న 150 ఏహెచ్ బ్యాటరీ అంతర్నిరోధం కొన్ని మిల్లీ ఓమ్‌లే. మన లెక్కకు 5 అనుకుందాం. టెర్మినళ్ల దగ్గరి వోల్టేజీలోంచి సొంత వోల్టేజీని తీసివేసి, మిగిలినదాన్ని దారిలోని మొత్తం నిరోధంతో భాగిస్తే ఆ బ్యాటరీ తీసుకునే కరెంటు వస్తుంది. 1827లో ఓమ్ ప్రచురించిన నియమం, 1845లో కిర్కాఫ్ చెప్పిన నియమాలు, ఈ రెండూ చాలు. ఇంతకు మించిన గణితం ఈ విషయానికి అక్కర్లేదు.

అయితే ఆ 5 మిల్లీ ఓమ్‌ల గురించి ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. అది కరెంటు మొదలైన తొలి క్షణాల్లో కనబడే నిరోధం. చార్జింగ్ నిమిషాల తరబడి సాగుతున్నప్పుడు ప్లేట్ల రంధ్రాల్లో యాసిడ్ గాఢత మారడం, రసాయన చర్య కరెంటుతో సమానమైన వేగంతో జరగలేకపోవడం వల్ల అదనపు అడ్డు ఏర్పడుతుంది. దాన్ని కూడా కలుపుకుంటే ఫలిత నిరోధం 15, 20 మిల్లీ ఓమ్‌లుగా కనబడవచ్చు. ఏ అంకె తీసుకున్నామన్నదాన్ని బట్టి పంపకంలోని అసమానత చాలా పెద్దదిగానో ఓ మోస్తరుగానో తేలుతుంది. ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే ఒకరు సమాంతర సంధానమే ప్రమాదమని, మరొకరు అసలు సమస్యే లేదని వాదిస్తుంటారు.

ఇప్పుడు మొదట అన్న విచిత్రమైన సందర్భాన్ని చూద్దాం. ఒక బ్యాటరీ సొంత వోల్టేజీ 12.0, రెండోదానిది 12.4, రెండింటికీ రసాయనపు అడ్డుతో కలిపి 20 మిల్లీ ఓమ్‌ల చొప్పున నిరోధం, చార్జర్ ఇచ్చేది 15 ఆంపియర్లు. రెండింటి కరెంట్ల మొత్తం 15 కావాలంటే టెర్మినళ్ల వోల్టేజీ 12.35 దగ్గర స్థిరపడాలి. అప్పుడు మొదటిదానికి 0.35 వోల్టుల తేడా దొరుకుతుంది కాబట్టి అది 17.5 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండోదాని సొంత వోల్టేజీ టెర్మినళ్ల వోల్టేజీ కంటే 0.05 ఎక్కువ, అందుకని అది తీసుకోవడానికి బదులు 2.5 ఆంపియర్లు ఇస్తుంది. అంటే ఖాళీగా ఉన్న బ్యాటరీ చార్జర్ ఇచ్చిన 15 ఆంపియర్లనూ, పక్కదాని నుంచి మరో రెండున్నరనూ కలిపి తీసుకుంటోంది. చార్జర్ మీద దీపం వెలుగుతూనే ఉంటుంది, వెలుపలి నుంచి చూసేవారికి రెండూ చార్జ్ అవుతున్నట్టే కనబడుతుంది.

ఈ స్థితి ఎక్కువసేపు నిలవదు. ఎక్కువ తీసుకునే బ్యాటరీ సొంత వోల్టేజీ పైకి వస్తుంది, ఇచ్చేదాని వోల్టేజీ దిగుతుంది, తేడా తగ్గి కాసేపటికి రెండూ తీసుకోవడం మొదలుపెడతాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీలకు ఉన్న గొప్ప సౌకర్యం ఇదే. వెనకబడినది ఎక్కువ తీసుకుంటుంది, ముందున్నది తగ్గించుకుంటుంది, ఎవరూ జోక్యం చేసుకోకుండానే సర్దుబాటు జరుగుతుంది. 100 ఏహెచ్, 200 ఏహెచ్ బ్యాటరీలను కలిపినా ఇదే సూత్రం పనిచేస్తుంది. ఒకే రకం బ్యాటరీల్లో సామర్థ్యం రెట్టింపైతే అంతర్నిరోధం దాదాపు సగమవుతుంది కాబట్టి కరెంటు 1:2 నిష్పత్తిలో చీలుతుంది, రెండూ దాదాపు ఒకేసారి నిండుతాయి. వేర్వేరు సామర్థ్యాలను కలపకూడదన్న మాట తరచుగా వినబడుతుంది గాని, శ్రేణి సంధానంలో (ఒకదాని ప్లస్‌ను మరొకదాని మైనస్‌కు కలిపినప్పుడు) అది ఎంత నిజమో సమాంతర సంధానంలో అంత నిజం కాదు. సమాంతరంలో కలపకూడనివి వేర్వేరు రకాలు, వేర్వేరు వయసులు. దాని సంగతి కొంచెం తర్వాత చూద్దాం.

రెండు దశలు, రెండు న్యాయాలు

వాటాల గురించి మాట్లాడేటప్పుడు చార్జింగ్ ఏ దశలో ఉందో చెప్పకపోతే మాట సగమే అవుతుంది. మొదటి దశలో చార్జర్ తన శక్తి మేరకు, మన ఉదాహరణలో 15 ఆంపియర్లు, ఇస్తూ ఉంటుంది. వోల్టేజీ నెమ్మదిగా పెరుగుతుంది. ఇక్కడ ఉన్నది పరిమితమైన రాశి కాబట్టి ఒకటి ఎక్కువ తీసుకుంటే మరొకదానికి తగ్గుతుంది. ఇది నిజమైన పంపకం. వోల్టేజీ సుమారు 14.4కు చేరాక రెండో దశ మొదలవుతుంది. చార్జర్ ఆ వోల్టేజీని అక్కడే పట్టి ఉంచుతుంది, కరెంటు దానంతటది తగ్గుతూ వస్తుంది. ఈ దశలో పంపకం అనే మాటే సరిపోదు. టెర్మినళ్ల దగ్గర 14.4 ఉన్నంతవరకు ఒక బ్యాటరీ ఎంత తీసుకుంటుందన్నది పక్కదాని మీద ఆధారపడదు, ఒకదాన్ని తీసేసినా రెండోది అంతే తీసుకుంటుంది.

ఈ భేదం అర్థమైతే చాలా ప్రశ్నలు వాటంతటవే విడిపోతాయి. ఉదాహరణకు, రెండో బ్యాటరీ చేర్చితే చార్జింగ్ సమయం రెట్టింపవుతుందా అన్న ప్రశ్న. బ్యాటరీ నుంచి సుమారు 20 ఆంపియర్లు లాగే ఫ్యాన్లు, దీపాలు మూడు గంటలు నడిస్తే 60 ఏహెచ్ ఖర్చవుతుంది. ఒక్క బ్యాటరీ ఉన్నప్పుడు ఆ 60 దానిలోంచే పోతుంది, రెండున్నప్పుడు చెరి 30 పోతుంది. ఒక్కోదానికి అందేది సగమే అయినా, నిండాల్సింది కూడా సగమే. కోత అదే మూడు గంటలైతే మొదటి దశకు పట్టే సమయం దాదాపు మారదు. కోత ఆరు గంటలకు పెరిగి 120 ఏహెచ్ ఖర్చయితేనే, నష్టాలతో కలిపి 15 ఆంపియర్ల చార్జర్‌కు తొమ్మిది, పది గంటలు పడుతుంది. అంటే సమయం బ్యాటరీల సంఖ్యను బట్టి కాక వాడకాన్ని బట్టి పెరుగుతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. నీళ్లు పోసే ట్యూబులర్ బ్యాటరీలకు సాధారణంగా సామర్థ్యంలో పదో వంతు, అంటే 150 ఏహెచ్‌కు 15 ఆంపియర్ల చార్జింగ్ కావాలంటారు. ఏడున్నరతో అవి నిండకపోవు గాని, మరీ తక్కువ కరెంటుతో, పూర్తి చార్జ్ అందకుండా నెలల తరబడి నడిస్తే గాఢమైన యాసిడ్ అడుగుకు చేరి, పైన పలచబడుతుంది. చార్జింగ్ చివర్లో పుట్టే బుడగలే యాసిడ్‌ను కలియబెడతాయి కాబట్టి, ఆ చివరి దశ దాకా చేరే అవకాశం బ్యాటరీకి ఇవ్వాలి. రెండు, మూడు బ్యాటరీలు చేర్చి, చార్జర్‌ను మాత్రం పాతదే ఉంచితే వచ్చే అసలు ఇబ్బంది ఇది.

చివరి ఆయకట్టు

దారి సంగతికి వద్దాం. ఇంటిపైన సౌర ఫలకాలు, 60 ఆంపియర్ల చార్జ్ కంట్రోలర్, నాలుగు 150 ఏహెచ్ బ్యాటరీలు ఉన్నాయనుకుందాం. నాలుగింటినీ వరసగా పేర్చి, పక్కపక్క ప్లస్‌లను చిన్న వైర్లతో, మైనస్‌లను అలాంటి వైర్లతోనే కలిపి, కంట్రోలర్ నుంచి వచ్చే ఎర్ర వైరును, నల్ల వైరును రెంటినీ మొదటి బ్యాటరీకే బిగించడం ఎక్కువ చోట్ల కనబడే పద్ధతి. చూడటానికి చక్కగా ఉంటుంది, వైరు కలిసొస్తుంది. కానీ నాలుగోదానికి వెళ్లే కరెంటు మూడు ప్లస్ ముక్కలు దాటి వెళ్లి, మూడు మైనస్ ముక్కలు దాటి తిరిగి రావాలి. మొదటిదానికి ఆ ప్రయాణమే లేదు. కాలువ మొదట్లో ఉన్న పొలానికీ చివరి ఆయకట్టుకూ ఉండే తేడానే ఇక్కడా ఉంది.

తేడా ఎంతో లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు నిరోధం మీటరుకు సుమారు 0.69 మిల్లీ ఓమ్. 40 సెంటీమీటర్ల ముక్కకు 0.28, రెండు చివరల లగ్గుల (వైరు కొసకు బిగించే లోహపు బిళ్లల) దగ్గర కొంత కలుపుకుంటే ముక్కకు అర మిల్లీ ఓమ్ అనుకోవచ్చు. బ్యాటరీల నిరోధాన్ని 5గా తీసుకుంటే 60 ఆంపియర్లలో మొదటిది 23.1, రెండోది 15.7, మూడోది 11.5, నాలుగోది 9.6 తీసుకుంటాయి. అర మిల్లీ ఓమ్ అనేది చెప్పుకోదగ్గ నిరోధమే కాదనిపిస్తుంది, అయినా మొదటిది నాలుగోదాని కంటే రెండింతలకు పైగా తీసుకుంటోంది. బ్యాటరీ సొంత నిరోధమే అంత చిన్నది కావడం దీనికి కారణం. అవే బ్యాటరీలకు రసాయనపు అడ్డుతో కలిపి 20 మిల్లీ ఓమ్‌లు లెక్క వేస్తే అంకెలు 17.4, 15.3, 14.0, 13.3కు సర్దుకుంటాయి. నిజమైన చార్జింగ్‌లో ఈ రెండు చివరల మధ్య ఎక్కడో ఉంటుంది. కంట్రోలర్ ఒక్కసారిగా 60 ఆంపియర్లు మొదలుపెట్టినప్పుడు మొదటి లెక్కకు దగ్గరగా, గంటల తరబడి నిలకడగా సాగినప్పుడు రెండోదానికి దగ్గరగా ఉంటుంది.

ఇక్కడ తరచుగా జరిగే ఒక పొరపాటును సరిదిద్దాలి. చివరి బ్యాటరీ ఎప్పటికీ నిండదని, అందుకే ముందుగా పాడవుతుందని చెబుతారు. చార్జింగ్‌కు తగినంత సమయం ఉంటే ఇది జరగదు. రెండో దశలో కరెంటు తగ్గేకొద్దీ వైరు ముక్కల మీద పోయే వోల్టేజీ కూడా తగ్గిపోతుంది, నాలుగోదానికీ దాదాపు 14.4 అందుతుంది, అదీ నిండుతుంది. పైగా వాడకంలో కూడా దారి తేడా అదే కాబట్టి నాలుగోది తక్కువ ఇస్తుంది, తక్కువ ఖాళీ అవుతుంది. ఎక్కువ తీసుకుని, ఎక్కువ ఇచ్చి, రోజూ ఎక్కువ లోతుకు దిగి పైకి వచ్చేది మొదటి బ్యాటరీ. అరిగిపోయేది అదే. అది బలహీనపడ్డాక భారం రెండోదాని మీద పడుతుంది. చివరిది ఆకలితో మిగిలిపోయేది మధ్యాహ్నం రెండు, మూడు గంటలు మాత్రమే మంచి ఎండ ఉండే వానాకాలపు రోజుల్లో, లేదా కరెంటు వచ్చీపోతూ రెండో దశ పూర్తికాని ఊళ్లలో. అక్కడ చివరి ఆయకట్టు పోలిక అక్షరాలా వర్తిస్తుంది.

దీనికి పరిష్కారం ఒక్క వైరును మార్చడం. ఎర్ర వైరును మొదటి బ్యాటరీ ప్లస్‌కు ఉంచి, నల్ల వైరును నాలుగో బ్యాటరీ మైనస్‌కు మార్చాలి. అప్పుడు ఏ బ్యాటరీ గుండా వెళ్లినా దాటాల్సిన ముక్కలు మొత్తం మూడే. 5 మిల్లీ ఓమ్‌ల కఠినమైన లెక్కలో కూడా వాటాలు 16.4, 13.6, 13.6, 16.4 అవుతాయి. ముక్కల సంఖ్య సమానమైనప్పుడు కరెంటు పూర్తిగా సమానం కావాలి కదా అని సందేహం రావచ్చు. ముక్కల సంఖ్య సమానమే గాని వాటిలో పారే కరెంటు సమానం కాదు. మొదటి బ్యాటరీ దాటే మూడు మైనస్ ముక్కల్లో తొలిదానిలో దాని సొంత కరెంటు మాత్రమే ఉంటుంది, ఆ తర్వాతి ముక్కల్లోనే మిగతావాటి కరెంటు వచ్చి కలుస్తుంది. మధ్యలో ఉన్న రెండో బ్యాటరీకి మూడు ముక్కలూ ఇతరుల కరెంటును కూడా మోసేవే. అందుకే మధ్యవాటికి కొంచెం తక్కువ. రెండే బ్యాటరీలు ఉంటే మాత్రం ఈ ఐమూల సంధానం కచ్చితమైన సమానత ఇస్తుంది. నాలుగుకు మించితే బస్‌బార్ అని పిలిచే మందపాటి రాగి పట్టీలు రెండు బిగించి, ప్రతి బ్యాటరీ నుంచి ఒకే పొడవు, ఒకే మందం ఉన్న వైర్లను వాటికి కలపడమే మేలు. ఒక బ్యాటరీ పట్టీకి దగ్గరగా ఉందని దాని వైరును కత్తిరించకూడదు; మిగిలిన పొడవును చుట్టి పెట్టాలే గాని తగ్గించకూడదు.

ఇంత లెక్కనూ ఒక్క వదులు నట్టు తారుమారు చేస్తుంది. తుప్పు పట్టిన లగ్గు దగ్గర 3 మిల్లీ ఓమ్‌ల నిరోధం ఏర్పడటం వింత కాదు. రెండు బ్యాటరీల్లో ఒకదాని దారి 5, రెండోదానిది 8 అయితే 15 ఆంపియర్లు 9.2, 5.8గా చీలుతాయి. ఇన్వర్టర్ లోడు మీద ఉన్నప్పుడు అదే లగ్గు గుండా 60 ఆంపియర్లు వెళితే అక్కడ 0.18 వోల్టు పోయి, దాదాపు 11 వాట్ల వేడి ఒక్క బిందువు దగ్గర పుడుతుంది. ఆ వేడికి తుప్పు ఇంకా పెరుగుతుంది. టెర్మినల్ మీద పచ్చగానో తెల్లగానో పేరుకున్న పొడిని తుడిచి వ్యాసెలీన్ పూయడం చిన్న పనిలా కనబడుతుంది. బ్యాటరీల వాటాలను సరిచేసే పనుల్లో అతి తక్కువ ఖర్చుతో అయ్యేది అదే.

సర్దుబాటు ఎక్కడ తప్పుతుంది

వెనకబడినది ఎక్కువ తీసుకుంటుందన్న సౌకర్యం ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీలకే వర్తిస్తుంది. సల్ఫేట్ పేరుకున్న బ్యాటరీ విషయంలో అది తలకిందులవుతుంది. చాలాకాలం పూర్తిగా నిండకుండా ఉండిపోయిన ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా మారి నిరోధాన్ని పెంచుతుంది. నిరోధం పెరిగినందువల్ల తక్కువ కరెంటు వస్తుంది, తక్కువ వచ్చినందువల్ల ఇంకా నిండదు, నిండనందువల్ల ఇంకా సల్ఫేట్ పేరుకుంటుంది. పక్కన కొత్త బ్యాటరీ ఉంటే ఈ పతనం మరింత త్వరగా సాగుతుంది, ఎందుకంటే మొదటి దశలో కరెంటులో అధిక భాగం తక్కువ నిరోధమున్న కొత్తదానికే పోతుంది.

పాత బ్యాటరీ పక్కన కొత్తది పెడితే పాతది కొత్తదాన్ని లాగేస్తుందని మెకానిక్కులు చెప్పే మాటలో నిజం ఉంది, దానికి కారణం వేరే చోట ఉంది. ట్యూబులర్ బ్యాటరీల పాజిటివ్ ప్లేట్ల సీసంలో గట్టిదనం కోసం యాంటిమొని అనే మూలకాన్ని కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అది కరిగి నెగటివ్ ప్లేట్ మీదికి చేరుతుంది. అలా చేరినచోట నీరు విడిపోయి హైడ్రోజన్ వెలువడటం తేలికవుతుంది. అందువల్ల పాత బ్యాటరీ నిండిన తర్వాత కూడా అదే వోల్టేజీ దగ్గర కొత్తదానికంటే ఎక్కువ కరెంటు తీసుకుంటూ, దాన్ని నీటిని బుడగలుగా మార్చడానికి ఖర్చు చేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ దానికే తరచుగా పోయాల్సి వస్తుంది. చార్జర్ ఆగి ఉన్న వేళల్లో దాని స్వీయ నష్టాన్ని పక్కన ఉన్న కొత్త బ్యాటరీ భర్తీ చేయాల్సి వస్తుంది. కొత్తది రోజూ కొంత పక్కదాని కోసం ఖర్చయిపోతుంది.

వేడి కూడా ఇలాగే పనిచేస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి తగిన చార్జింగ్ వోల్టేజీ ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఒక్కో ఘటానికి (12 వోల్టుల బ్యాటరీలో ఉండే ఆరు సెల్‌లలో ఒక్కోదానికి) డిగ్రీకి 3 నుంచి 5 మిల్లీ వోల్టుల చొప్పున తగ్గాలి. ఆరు ఘటాలకు, పది డిగ్రీల తేడాకు ఇది 0.18 నుంచి 0.3 వోల్టు అవుతుంది. సమాంతరంగా ఉన్న బ్యాటరీలన్నిటికీ అందే వోల్టేజీ ఒక్కటే. రోహిణి కార్తె ఎండల్లో పడమటి గోడకు ఆనుకుని ఉన్న బ్యాటరీ, నీడలో ఉన్నదానికంటే పది డిగ్రీలు వేడిగా ఉంటే, నీడలోదానికి సరిపోయే వోల్టేజీ దానికి అతిగా మారుతుంది. అది ఎక్కువ తీసుకుంటుంది, ఆ కరెంటు వల్ల ఇంకా వేడెక్కుతుంది. నీళ్లు పోసే రకంలో ఇది నీటి నష్టంగా కనబడి హెచ్చరిస్తుంది. సీలు వేసిన రకంలో ఆ హెచ్చరిక ఉండదు, బ్యాటరీ ఉబ్బే దాకా తెలియకపోవచ్చు. బ్యాటరీల మధ్య రెండు వేళ్ల సందు వదలడం, అన్నిటినీ ఒకే నీడలో ఉంచడం కూడా కరెంటు పంపకంలో భాగమే అనడం అందుకే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఒక ఘటం లోపల షార్ట్ కావడం. ఆరింటిలో ఒక ఘటం పోతే ఆ బ్యాటరీ నిండుగా ఉన్నా విశ్రాంతి వోల్టేజీ 10.5 దగ్గరే ఉంటుంది. 12.7 దగ్గర ఉన్న మిగతావన్నీ దానిలోకి కరెంటు పోస్తాయి. ఇక చార్జర్ ఆన్ చేస్తే, మిగిలిన ఐదు ఘటాలు ఒక్కోటి 2.6 వోల్టుల దగ్గర విపరీతంగా బుడగలు కక్కుతూ టెర్మినళ్ల వోల్టేజీని 13 దగ్గరే పట్టేస్తాయి. వచ్చిన కరెంటులో చాలా భాగం ఆ ఒక్క బ్యాటరీలోనే వేడిగా, హైడ్రోజన్‌గా మారుతుంది. 14.4 ఎప్పటికీ రాదు, చార్జర్ రెండో దశకు వెళ్లదు, మంచి బ్యాటరీలు నిండవు. ఎంత చార్జ్ చేసినా బ్యాకప్ రావడం లేదంటూ కొత్త ఇన్వర్టర్ కొనేవారి ఇళ్లలో కొన్నిసార్లు జరుగుతున్నది ఇదే. కుళ్లిన గుడ్డు వాసన, ఒక్క బ్యాటరీ డబ్బా మాత్రమే చేయి పెట్టలేనంత వేడిగా ఉండటం దీని గుర్తులు. అవి కనబడితే చార్జర్‌ను ఆపి, గది తలుపులు, కిటికీలు తెరిచి, నిప్పురవ్వకు అవకాశం ఇవ్వకుండా, చల్లబడ్డాక ఆ బ్యాటరీని విడదీయించాలి. ప్రతి బ్యాటరీ ప్లస్ దగ్గర విడివిడిగా ఫ్యూజు ఉండాలని పట్టుబట్టేది కూడా ఇందుకే. 5 మిల్లీ ఓమ్‌ల బ్యాటరీ పూర్తి షార్ట్‌లోకి 2,500 ఆంపియర్లు ఇవ్వగలదు. ఉమ్మడి వైరు మీద ఉన్న ఒక్క ఫ్యూజు, బ్యాటరీల మధ్యే తిరిగే ఈ కరెంటును చూడనే చూడదు.

లిథియం వచ్చాక మారిన లెక్క

లెడ్ యాసిడ్‌తో అలవాటైన అంచనాలను లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలకు అలాగే వర్తింపజేయడం ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్న పొరపాటు. లెడ్ యాసిడ్‌లో ఖాళీకీ నిండుకీ మధ్య సొంత వోల్టేజీ దాదాపు 0.9 మారుతుంది కాబట్టి, రెండింటి మధ్య పది శాతం తేడా వస్తే 0.09 వోల్టు బిగువు పుడుతుంది. 20 మిల్లీ ఓమ్‌ల చొప్పున ఉన్న రెండు దారుల్లో అది 2.25 ఆంపియర్లను ఒకదాని నుంచి రెండోదానికి మళ్లిస్తుంది. మొత్తం 15లో ఇది గట్టి సర్దుబాటే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో 20 శాతం నుంచి 90 శాతం వరకూ ఘటం వోల్టేజీ 3.2, 3.35 మధ్యనే తిరుగుతుంది, నడిమి భాగంలో దాదాపు చదునుగా ఉంటుంది. చదును నేల మీద నీరు ఎటూ పారనట్టే, ఇక్కడ వెనకబడినదానికి ఎక్కువ అందించే వాలు లేదు.

రెండు 100 ఏహెచ్ ప్యాకులు, ఒకదాని దారి నిరోధం 10 మిల్లీ ఓమ్‌లు, రెండోదానిది 15, చార్జింగ్ 80 ఆంపియర్లు అనుకుందాం. వాటాలు 48, 32. కొంతసేపటికి వాటి మధ్య 0.02 వోల్టు తేడా వచ్చినా దాని వల్ల మారేది 0.8 ఆంపియరే, 48 కాస్తా 47.2 అవుతుంది. అంటే మధ్య దశ అంతా వాటాలను నిరోధమే నిర్ణయిస్తుంది, తేడా పేరుకుంటూ పోతుంది. మొదటిది నిండే సమయానికి రెండోది మూడింట రెండు వంతుల దగ్గర ఉంటుంది. అప్పుడు మొదటిదాని వోల్టేజీ ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది, దాని వాటా పడిపోతుంది, ఆ మిగులంతా రెండోదాని మీదికి వస్తుంది. మొదటిదాని లోపలి రక్షణ సర్క్యూట్, అంటే బీఎంఎస్, దాన్ని పూర్తిగా విడదీస్తే 80 ఆంపియర్లూ రెండోదానికే. దాని పరిమితి 50 అయితే అదీ విడిపోతుంది. నడుస్తున్న చార్జర్ ఒక్కసారిగా బ్యాటరీ లేకుండా మిగిలి, వోల్టేజీ ఎగసి, దాని మీద ఆధారపడిన పరికరాలకు హాని జరగవచ్చు. కాబట్టి లిథియం ప్యాకులను సమాంతరంగా కలిపేటప్పుడు మొత్తం చార్జింగ్ కరెంటును ఒక్క ప్యాకు తట్టుకోగలిగే పరిమితికి లోబడి ఉంచడం సురక్షితమైన మార్గమని నా అభిప్రాయం. చార్జింగ్ కొంత ఆలస్యమవుతుంది, అది భరించదగ్గ నష్టమే.

వీటిని కలిపేముందు వోల్టేజీలు సమానంగా ఉన్నాయని చూసుకోవడం కూడా చాలదు. 13.2 వోల్టుల దగ్గర ఒకటి 45 శాతం, మరొకటి 65 శాతం నిండి ఉండవచ్చు. విడివిడిగా రెంటినీ పూర్తిగా నింపి, ఆ తర్వాతే కలపాలి. అలాగని సమాంతర సంధానమే లిథియంకు పనికిరానిదని కాదు. టెస్లా మోడల్ ఎస్ 85 కిలోవాట్ అవర్ బ్యాటరీలో 7,104 ఘటాలు ఉండేవి, 74 చొప్పున సమాంతరంగా, అలాంటి గుంపులు 96 శ్రేణిలో. అక్కడ ఘటాలన్నీ ఒకే తయారీవి, ఒకే చల్లదనంలో ఉంటాయి, ఒకే లోహపు పలకకు సమానమైన సన్నని తీగలతో కలిసి ఉంటాయి. ఆ తీగే ఘటానికి ఫ్యూజు కూడా. మనం ఇంట్లో సాధించాల్సిన షరతులను అక్కడ ఫ్యాక్టరీలోనే సాధించారు.

మీ ఇంట్లో వాటాలు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ కావాలి. సాధారణ ఎలక్ట్రీషియన్ల దగ్గర ఉండే చవక రకం మీటర్లు చాలావరకు ఏసీని మాత్రమే కొలుస్తాయి, ఈ పనికి అవి సున్నా చూపిస్తాయి. వరసగా పేర్చి కలిపినచోట ఏ వైరు మీద కొలుస్తున్నారో చూసుకోవాలి, ఎందుకంటే మధ్య ముక్కల్లో పారేది ఒక్క బ్యాటరీ కరెంటు కాదు, దాని వెనక ఉన్నవాటన్నిటి మొత్తం. పక్క పక్క ముక్కల రీడింగుల తేడానే బ్యాటరీ వాటా. కొలత మూడుసార్లు తీసుకోవాలి: కోత ముగిసి చార్జింగ్ మొదలైన పది నిమిషాలకు ఒకసారి, వోల్టేజీ 14.4 చేరాక ఒకసారి, పూర్తిగా నిండి చార్జర్ 13.5, 13.8 మధ్య నిలబడినప్పుడు ఒకసారి. మొదటిసారి మాత్రమే తేడా ఉండి, రెండోసారికి సర్దుకుంటే వైర్లను, లగ్గులను చూడాలి. అనుమానమున్న లగ్గుకూ టెర్మినల్‌కూ మధ్య మల్టీమీటర్‌తో మిల్లీ వోల్టులు కొలిస్తే దోషం బయటపడుతుంది. మొదటిసారి ఒక బ్యాటరీ బాగా తక్కువ తీసుకుని, రెండోసారి కూడా అలాగే ఉంటే సల్ఫేట్‌ను అనుమానించాలి. మూడోసారి నాలుగు బ్యాటరీల్లో మూడూ అర ఆంపియర్ లోపు తీసుకుంటుండగా ఒక్కటి మాత్రం రెండు, మూడు ఆంపియర్లు లాగుతూ ఉంటే, లోపం ఆ బ్యాటరీ లోపలే ఉంది. దాన్ని విడదీసి, ఒక రోజు ఒంటరిగా ఉంచి, యాసిడ్ సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్‌తో ఆరు ఘటాలనూ విడివిడిగా చూడాలి. ఒక్క ఘటం రీడింగు మిగతా ఐదింటికీ బాగా దిగువన ఉంటే ఆ బ్యాటరీని తిరిగి వరసలో కలపకూడదు. మిగిలిన మూడింటితో నడపడమే మంచిది.